డిమ్ కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే

నిరుడు కార్తీకమాసంలో ఒక సోమవారం, పాలకొల్లు క్షీరారామంలో దర్శనం చేసుకుని రాత్రి ఇంటికి వస్తున్నాం. చించినాడ వంతెన దాటి, హైవే వదిలి, మా ఊరి కాలువ గట్టు ఎక్కాం. ఎదురుగా దూరంగా ఒక మోపెడ్ దీపం కనిపించింది. నేను మర్యాదస్తుణ్ణే, వెంటనే డిమ్ కొట్టాను. ఆ దీపం కాస్త దగ్గరికి వచ్చి, ఒకసారి అటూ ఇటూ ఊగి, మాయమైపోయింది.

జీపు ఆపి దిగి చూస్తే మోపెడ్ తుప్పల్లో ఉంది. మనిషి గట్టు దిగువన పంట బోదెలో నడుం లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఆయన అదృష్టమో నా అదృష్టమో, కాలువ వైపు పడలేదు, చేల వైపు పడ్డాడు. రొయ్యల చెరువు కాపలాకి వెళుతున్నాడట. మోచెయ్యి గీరుకుపోయింది. అన్నం క్యారేజీ మూత ఊడి బోదెలో తేలుతోంది. కంగారులో నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "డిమ్ కొట్టానండీ, చూసుకోలేదా?" సిగ్గులేని ప్రశ్న.

ఆయన లుంగీ పిండుకుంటూ, "డిమ్ కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే మాస్టారూ మీ బండికి" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

ఈ సంగతి ఇంతకాలం ఎవరికీ చెప్పుకోలేదు. ఈ మధ్య మా స్టాఫ్ రూములో, పెళ్లిళ్లలో, ఆఖరికి రేవులో పంటు కోసం ఎదురుచూసే చోట కూడా ఒకటే మాట వినిపిస్తోంది: పాత బండికి ఎల్ఈడీలు వేయించాను, పట్టపగల్లా ఉంది అని. అందుకని రాస్తున్నాను. పాత జీపుకో సుమోకో బొలెరోకో వెలుగు చాలడం లేదంటే, చాలాసార్లు తప్పు బల్బుది కాదు. వైరుది, ఎర్తుది, డూముది (బల్బు వెనక వెండిలా మెరిసే గిన్నె), స్క్రూలది. కొత్తగా ఉన్నప్పుడు ఆ బండికి ఎంత వెలుగుండేదో ముందు దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. నేను తలకిందులుగా చేశాను కాబట్టే ఒక మనిషి బోదెలో పడ్డాడు.

మాది 1998 మోడల్ మహీంద్రా కమాండర్. మా మావగారు అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయలు తోలడానికి కొన్నారు. ఆయన పోయాక అమ్మడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు, నాకూ మనసు రాలేదు. పదిహేనేళ్లు నిండాక 2013లో, ఆ తర్వాత అయిదేళ్లకోసారి, ఆర్సీ పొడిగించుకుంటూ వస్తున్నాం. 2023లో బండి చూపించడానికి వెళ్లినప్పుడు లైట్లు వెయ్యమన్నారు, వేశాను. వెలిగాయా లేదా చూశారు. ఎటు వెలిగాయో ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

అప్పటికి ఆ లైట్లు అమావాస్య నాడు ఆముదం దీపంలా ఉండేవి. రాత్రి పూట ఎదుటి బండి వెళ్లిపోయాక రెండు క్షణాలపాటు రోడ్డు ఎటుందో తెలిసేది కాదు. మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఒకసారి తోలి, భయపడి, తిరిగి వెళ్లగానే ఆన్‌లైన్‌లో ఎల్ఈడీ బల్బుల జత పంపించాడు. పెట్టె మీద 35 వాట్లు, 20,000 ల్యూమెన్లు (వెలుగు కొలత), 6000 కెల్విన్ (వెలుగు రంగు) అని రాసి ఉంది. ఫిజికల్ సైన్సు మాస్టారినై ఉండి ఆ లెక్క చూసి నవ్వి ఉండాల్సింది. 35 వాట్లతో 20,000 ల్యూమెన్లు రావాలంటే వాటుకి 570 రావాలి. మంచి ఎల్ఈడీ అయినా వాటుకి 150, 200 దగ్గర ఆగిపోతుంది. నవ్వలేదు. పాత బల్బు పీకి, అదే హోల్డరులో కొత్తది గుచ్చి, రాత్రి కోసం చిన్నపిల్లాడిలా ఎదురుచూశాను.

ఆ రాత్రి అద్భుతంగానే ఉంది. రోడ్డు తెల్లగా పాలు పోసినట్టుంది. గట్టు మీద కొబ్బరిచెట్లు మొదలు నుంచి మొవ్వు దాకా మెరిసిపోయాయి. "చూశావా" అని మా ఆవిడకి చూపించాను. అక్కడే అర్థం కావలసింది. నలభై, యాభై అడుగుల ఎత్తున్న మొవ్వు డిమ్ లైటులో మెరుస్తోందంటే, నాలుగు అడుగుల ఎత్తులో ఉన్న ఎదుటివాడి కళ్ల సంగతేమిటి? రోడ్డు మీద పడాల్సిన వెలుగు కొబ్బరికాయలు లెక్కపెట్టడానికి పోతోంది.

ఎందుకిలా అవుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఈ వ్యాసంలో సైన్సు ఉన్నదంతా ఇక్కడే. మన పాత బళ్లలో చాలావాటికి హెచ్4 అనే హాలోజెన్ బల్బు ఉంటుంది, 60/55 వాట్లది, అంటే ఫుల్‌కి 60, డిమ్‌కి 55. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు. ఫుల్ లైటుకి ఒకటి, డిమ్‌కి ఒకటి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న చెంచా లాంటి రేకు ఉంటుంది. బల్బు చేతిలోకి తీసుకుని చూస్తే కనిపిస్తుంది. ఆ ఫిలమెంటు నుంచి డూము కింది సగానికి వెలుగు పోకుండా ఆ రేకు అడ్డుకుంటుంది. డూము కింది సగానికి తగిలిన వెలుగు పైకి లేస్తుంది, పై సగానికి తగిలింది కిందికి దిగుతుంది. కాబట్టి డిమ్ కొట్టినప్పుడు వెలుగు రోడ్డు మీదికి మాత్రమే దిగాలి. పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో కత్తితో కోసినట్టు ఒక గీత. ఆ గీత మనకి ఎడమ వైపు కొంచెం పైకి లేస్తుంది, మార్జిన్‌లో నడిచే మనిషి కనబడాలని. కుడి వైపు దిగి ఉంటుంది, ఎదుటివాడు వచ్చేది అటునుంచి కాబట్టి.

ఇదంతా ఫిలమెంటు ఎక్కడుందో మిల్లీమీటరుతో సహా తెలిసి, దాని చుట్టూ గీసిన డూము. ఫిలమెంటు సన్నని తీగ, చుట్టూరా వెలుగు చిమ్ముతుంది. నా ఎల్ఈడీ బల్బు ఒక పుల్ల. దానికి అటో పలక, ఇటో పలక, ఒక్కోదాని మీద చుక్కల్లా చిప్పులు. చిప్పుల వెడల్పు వేరు, మందం వేరు, అవి కూర్చున్న చోటు వేరు. రేకు పెట్టామంటారు, ఆ రేకు నామమాత్రం. వెలుగు డూములో ఎక్కడ పడకూడదో అక్కడ పడి, ఎటు పోకూడదో అటు పోయింది. స్విచ్చు మాత్రం పనిచేస్తోంది. డిమ్ కొడితే చిప్పుల్లో కొన్ని ఆరి, కొన్ని వెలుగుతున్నాయి. ఎదుటివాడికి తేడా తెలియడం లేదు. బోదెలో నిలబడిన మనిషి చెప్పింది అక్షరాలా నిజం.

మర్నాడు ఆ బల్బులు పీకేశాను. పాతవి పెట్టుకుంటే మళ్లీ ఆముదం దీపమే. ఇక చేసేదేమీ లేక, స్కూలు ల్యాబులోంచి మల్టీమీటరు పట్టుకొచ్చాను.

పదో తరగతి పిల్లలకి ఓమ్ నియమం పాతికేళ్లకు పైగా చెబుతున్నాను. సొంత బండి బల్బు వెనక మీటరు పెట్టి చూడాలని ఒక్కరోజూ తోచలేదు. ఇంజను స్టార్టు చేసి, లైట్లు వేసి, బ్యాటరీ దగ్గర చూస్తే 13.8 వోల్టులు. బల్బు హోల్డరు దగ్గర చూస్తే 11.6. మధ్యలో 2.2 వోల్టులు ఎవరు తినేశారు? బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు దాకా 1.4, బల్బు నుంచి ఎర్తు దారిలో, అంటే బండి ఇనుప బాడీ మీదుగా, తిరిగి బ్యాటరీకి 0.8.

రెండు వోల్టులే కదా అనిపిస్తుంది. ఫిలమెంటు బల్బు అలా లెక్క కట్టదు. వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతం కాదు, దాదాపు 30 శాతం పడిపోతుంది. 13.8కి బదులు 11.6 అందితే రావలసిన వెలుగులో సగం కంటే కొంచెం ఎక్కువ వస్తుంది, అంతే. అంటే ఇన్నేళ్లుగా నేను తిట్టుకున్న బల్బు ఆకలితో ఉంది. దానికి అన్నం పెట్టకుండా దాన్నే మార్చేశాను.

ఎందుకు పోతోందంటే, మా జీపులో హెడ్‌లైట్ల కరెంటంతా బ్యాటరీ నుంచి బయలుదేరి డ్యాష్‌బోర్డు స్విచ్చుకి, అక్కడి నుంచి ఫుల్, డిమ్ మార్చే డిప్పరు స్విచ్చుకి, మళ్లీ వెనక్కి ముందు లైట్ల దాకా సన్నటి వైరులో ఊరంతా తిరిగి వస్తుంది. పాతికేళ్లనాటి స్విచ్చులో కాంటాక్టులు నల్లబడ్డాయి. ప్రతి జాయింటు దగ్గరా ఎవరో ఒకరు చేతితో మెలిపెట్టి టేపు చుట్టారు. ఆ వరసలో ఒక టేపు కింద అగ్గిపుల్ల ముక్క దొరికింది, ఎందుకు పెట్టారో ఇప్పటికీ అర్థం కాలేదు.

మందు రిలే, అంటే చిన్న కరెంటు పిలిస్తే పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు. స్విచ్చు నుంచి వచ్చే పాత వైరుతో రిలేని పిలిచే పని మాత్రమే చేయించాలి. అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావుపాటి కొత్త వైరులో, ఫ్యూజు మీదుగా, రిలే మీదుగా నేరుగా బల్బుకి వెళ్లాలి. రిలే మీద 30, 85, 86, 87 అని నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ, 87 నుంచి బల్బుకి, 85, 86 స్విచ్చు పిలుపుకి. ఫుల్‌కి ఒక రిలే, డిమ్‌కి ఒక రిలే. మా ఊరి ఆటో కరెంటు మెకానిక్ ఈ పనికి ఒక పూట తీసుకున్నాడు. వైర్లు, రిలేలు, మంచి పింగాణీ హోల్డర్లు, కూలీ అన్నీ కలిపి 1,900 రూపాయలు. ఎల్ఈడీ జతకి మా అబ్బాయి పెట్టింది ఇంతకంటే ఎక్కువే. ఒక్క సంగతి పట్టుబట్టి చేయించాను: రెండు లైట్లకీ ఒకే ఫ్యూజు వద్దని. కాలువ గట్టు మలుపులో ఫ్యూజు పోయి రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతే ఏమవుతుందో ఊహించుకోండి. "మీకు టెన్షన్ ఎక్కువండి మాస్టారూ" అన్నాడు గానీ, నాలుగు ఫ్యూజులు పెట్టాడు.

అదే మెకానిక్ ముందు నాకు చెప్పిన సలహా వేరు. "100/90 బల్బు వేసేద్దామండి, ఎల్ఈడీ గొడవే ఉండదు" అన్నాడు. ఇది మన వైపు పాత అలవాటు. కానీ సన్నటి పాత వైరులో 60 వాట్ల బదులు 100 వాట్ల కరెంటు పంపితే ఆ వైరులో పుట్టే వేడి ఒకటిన్నర రెట్లు కాదు, మూడు రెట్లకు దగ్గర. వైరులో పోయే వోల్టులు కూడా పెరుగుతాయి. ప్లాస్టిక్ హోల్డరు కరిగి బల్బుకి అతుక్కుపోయిన బళ్లు ఆ షెడ్డులోనే రెండు చూశాను. పైగా ఆ బల్బు డిమ్‌లో కూడా 90 వాట్లు, డూము పాడై ఉంటే ఎదుటివాడి బాధా అంతకంత.

ఇక ఎర్తు. పుస్తకాల్లో దీనికి ఒక లైను రాసి వదిలేస్తారు. మన ప్రాంతంలో దీనికి ఒక అధ్యాయం కావాలి. సముద్రపు గాలి, ఎప్పుడూ ఆరని తేమ, ఎడ్లబండి లోతు నీళ్లలో ఈదిన వానాకాలాలు, రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు కారే లారీల వెనక ప్రయాణాలు. అంతర్వేది వైపు తిరిగే బళ్ల అడుగు రేకులు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. హెడ్‌లైటు ఎర్తు వైరు మడ్‌గార్డు లోపల ఒక స్క్రూకి బిగించి ఉంటుంది. మా బండిలో ఆ స్క్రూ తుప్పుముద్ద. పట్టుకుంటే చేతిలోకి వచ్చింది. అది గీకి, మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త రింగు వేసి, పైన గ్రీజు పూసి, ఇంకో ఎర్తు వైరు నేరుగా బ్యాటరీ మైనస్‌కి లాగాం. ఈ ఒక్కపనికి పాతిక రూపాయలు కూడా కాలేదు. పోయిన 0.8 వోల్టులో అధిక భాగం ఇక్కడే తిరిగి వచ్చింది. మీరు ఈ వ్యాసంలో ఏదీ చెయ్యకపోయినా, ఇది చెయ్యండి.

పనంతా అయ్యాక బల్బు దగ్గర 13.5 వోల్టులు. అదే పాత 60/55 బల్బు. వెలుగు మునుపటికంటే మూడింట రెండు వంతులు ఎక్కువ. ఫిలమెంటుకి వోల్టులు పెరిగితే ఆయుష్షు తగ్గుతుంది, ఆ మాటా చెప్పాలి. ఏడాదికో బల్బు మార్చవలసి వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

డూము సంగతి చప్పున చెప్పేస్తాను. లైటు అద్దం ముందు నిలబడి లోపలికి చూడండి. వెండిలా మెరవకుండా, బూడిద పట్టినట్టో, అడుగున గోధుమరంగు మచ్చో కనిపిస్తే దాన్ని తుడిచి ఏం లాభం లేదు. గుడ్డ పెట్టి రుద్దితే ఉన్న పూత కూడా లేచిపోతుంది. మా కమాండర్‌ది ఏడంగుళాల గుండ్రటి గాజు లైటు, మొత్తం యూనిట్టు మార్చుకోవడం తేలిక. మార్చేశాను. ప్లాస్టిక్ అద్దాల బళ్లయితే ఎండకి పసుపు పట్టిపోతాయి. టూత్‌పేస్టుతో రుద్దితే నెల్లాళ్లు బాగుంటుంది, మళ్లీ మామూలే.

ఇప్పుడు అన్నిటికంటే నాకు నచ్చిన పని, ఖర్చు లేనిది. లైట్ల గురి సరిచెయ్యడం. దీనికి సమతలమైన నేల, ఎదురుగా తిన్నని గోడ, చీకటి కావాలి. కొండ ప్రాంతాలవాళ్లు నేల కోసం వెతుక్కోవాలి, మనకి దేవుడిచ్చిందే బల్లపరుపు. పక్క ఊరి రైసుమిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం, దాని చివర గోడౌను గోడ. మిల్లు గుమస్తా నా పాత విద్యార్థి, రాత్రి ఏడున్నరకి గేటు తీసి పెట్టాడు.

గోడకి పది మీటర్ల దూరంలో జీపు నిలబెట్టాం. టైర్లలో గాలి సరిచూసుకున్నాం. నేల నుంచి లైటు మధ్య దాకా ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దతో గీత గీశాం. ఆ గీతకి పది సెంటీమీటర్లు కింద ఇంకో గీత. డిమ్ లైటు పై అంచు ఈ రెండో గీత మీద కూర్చోవాలి, ఎడమ వైపు మాత్రం పైకి లేవాలి. పది మీటర్లకి పది సెంటీమీటర్లు, అంటే నూటికి ఒకటి. మా ఎడమ లైటు అంచు పై గీతకి కూడా జానెడు పైన ఉంది. కుడిదైతే అసలు గోడ మీదే సరిగ్గా లేదు, పక్కన చింతచెట్టు మీదుంది. రింగు పక్కన ఉండే రెండు స్క్రూల్లో ఒకటి పైకీ కిందికీ, ఒకటి పక్కలకీ. స్క్రూ తుప్పు వదలడానికి కిరసనాయిలు పోసి పావుగంట ఆగాల్సి వచ్చింది, గురి పెట్టడానికి అయిదు నిమిషాలు.

ఒక కిటుకు. కొబ్బరిబస్తాలు వేసుకునే బండికి ఖాళీగా గురి పెడితే, సరుకు ఎక్కగానే వెనక కమాన్ పట్టీలు దిగి, ముక్కు లేస్తుంది, లైట్లూ లేస్తాయి. రోజూ ఎంత బరువుతో తిరుగుతారో అంత బరువుతోనే గురి పెట్టుకోండి. నేను మిల్లులోని ధాన్యం బస్తాలు నాలుగు వేయించుకున్నాను. గుమస్తా మొహమాటపడి కాదనలేకపోయాడు.

ఇదంతా విన్న మా బావమరిది ఒక్క వాక్యంలో కొట్టిపారేశాడు. "బావగారూ, ఎదుటోడు ఫుల్ లైటు ఎల్ఈడీ వేసుకొచ్చి నా కళ్లలో కొడుతుంటే, నేను మాత్రం డిమ్ వేసుకుని గుడ్డోడిలా వెళ్లాలా?" అతనిది బొలెరో. ఎల్ఈడీ బల్బులు, పైన బంపరు మీద ఇంకో బారు లైటు. అతని వాదనలో నిజం లేకపోలేదు. 216 హైవే మీద రాత్రి పది దాటాక ఎవరు ఎవరికి డిమ్ కొడుతున్నారు? మన కళ్లు బైర్లు కమ్మాక చీకటి మరీ చీకటిగా ఉంటుంది, అప్పుడు మన వెలుగు ఇంకా పెంచుకోవాలనిపిస్తుంది. అతను పెంచితే ఎదుటోడు పెంచుతాడు. ఇలా ఒకళ్లని చూసి ఒకళ్లు పెంచుకుంటూ పోయి, చివరికి ఇద్దరూ ఒకళ్లకొకళ్లు కనిపించకుండా, పద్దెనిమిది అడుగుల రోడ్డు మీద ఎదురెదురుగా వస్తున్నారు.

హైవే మీదైతే మధ్యలో డివైడరు ఉన్నచోట ఈ పోటీ కొంత సాగుతుంది. మా గట్టు మీద సాగదు. ఈ గట్లు కార్ల కోసం పుట్టినవి కావు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారడం మొదలయ్యాక, వాటి మీద పడవలు తిరిగాయి, ఆ పడవల్ని మనుషులు గట్టు వెంబడి తాళ్లతో లాగేవారు. ఆ గట్ల మీదే చాలాచోట్ల మట్టి దారి, తర్వాత కంకర, తర్వాత తారు. కాలువ ఎలా వంకర తిరిగితే రోడ్డూ అలాగే. ఒకవైపు కాలువ, ఒకవైపు బోదె. ఎదుటివాడి కళ్లు మూతపడితే అతనికి మూడే దారులు: కాలువ, బోదె, నా బండి. మూడోది నాకు సంబంధించిన విషయం కదా. "నీ వెలుగుకి కళ్లు పోయినవాడు నీ మీదికే వస్తాడ్రా" అంటే బావమరిది, "అంతకుముందే నేను వెళ్లిపోతాను" అన్నాడు. ఇక ఏం చెప్తాం.

చట్టం మాట ఎత్తితే ఇంకా నవ్వాడు. కానీ 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చదివితే నాకు ముచ్చటేసింది. ఎదురుగా ఎనిమిది మీటర్ల దూరంలో, ఒకటిన్నర మీటరు ఎత్తులో కళ్లున్న మనిషికి కళ్లు చెదరకుండా లైటు కిందికి దిగి ఉండాలని రాశారు. లారీ డ్రైవరు కళ్లు ఇంకా ఎత్తులో ఉంటాయి. ఒకటిన్నర మీటరంటే కాలినడకన వచ్చే మనిషి, సైకిలు తొక్కే మనిషి, మోపెడ్ మీద చెరువు కాపలాకి పోయే మనిషి. చిన్నప్పుడు బస్సుల, లారీల హెడ్‌లైట్ల అద్దాల మీద నల్లరంగు వేసి ఉండేది, గుర్తుందా? మోటుగా ఉండేది గానీ, ఎదుటి కంటి కోసం ఎవరో ఒకరు ఆలోచించిన గుర్తు అది.

ఎల్ఈడీ అంటేనే పడదని నా మీద ముద్ర వేయకండి. నా గొడవ హాలోజెన్ డూములో గుచ్చే ఎల్ఈడీ బల్బుతో. డూము, అద్దం, చిప్పు అన్నీ కలిపి ఒకటిగా తయారుచేసిన ఏడంగుళాల ఎల్ఈడీ యూనిట్లున్నాయి. వాటిలో మంచివి నిజంగా మంచివే. గీత కోసినట్టు ఉంటుంది, కరెంటు తక్కువ తాగుతాయి. కొనేముందు రెండు చూసుకోండి. గుండ్రటి గీతలో 'ఈ' (E) అక్షరం, పక్కన అంకె ఉన్న ముద్ర, అంటే ఐరోపా ప్రమాణాల ఆమోదం గుర్తు, ఉందా లేదా. రెండోది, అది ఎడమ వైపు నడిచే దేశానికి చేసిందా లేదా. మనలాంటి దేశాల కోసం చేసినదాని మీద, ఎదురుగా నిలబడి చూస్తే, మన కుడి చేతి వైపు చూపే బాణం గుర్తు ఉంటుంది. అది లేకుండా కుడి వైపు నడిచే దేశాల సరుకు కొంటే, పైకి లేవాల్సిన వెలుగు ఎడమ మార్జిన్‌కి బదులు సరిగ్గా ఎదుటివాడి మొహం మీదికి లేస్తుంది. ఎంత ఖరీదు పెట్టినా అది తప్పు లైటే. హెచ్ఐడీ కిట్ల (ఫిలమెంటు లేకుండా వాయువులో వెలిగే బల్బులు) మోజు ఇప్పుడు తగ్గింది కాబట్టి వదిలేస్తున్నాను. పాత డూములో వాటిదీ ఇదే కథ.

ఇంత చేశాక కూడా డిమ్ లైటులో నల్లటి వస్తువు ఎంత దూరంలో కనిపిస్తుంది? నా అనుభవంలో నలభై, యాభై మీటర్లు. 60 కిలోమీటర్ల వేగంలో మనం చూసి బ్రేకు మీద కాలు వేసేసరికే పాతిక మీటర్లు పోతాయి, మా జీపు ఆగడానికి ఇంకో ఇరవై ఎనిమిది. 40లో వెళితే మొత్తం ముప్ఫై లోపు. మన రోడ్ల మీద నల్లటివి ఏమేమున్నాయో మీకు తెలుసు. గేదె ఇటు తిరిగి ఉంటే కళ్లు మెరుస్తాయి, అటు తిరిగి ఉంటే తారు రోడ్డు లేచి నిలబడ్డట్టే. మాసూళ్ల రోజుల్లో సగం రోడ్డు ధాన్యం, దాని అంచున కాపలాగా పెట్టిన బండరాళ్లు. ధాన్యం ఎత్తుకుపోతారు, రాళ్లు ఉండిపోతాయి. వెనక ఎర్ర లైటు లేని ట్రాక్టరు ట్రక్కు, అందులోంచి రెండు గజాలు బయటికి పొడుచుకొచ్చిన వెదుళ్లు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున మంచు పడితే ఫుల్ లైటు వేసి చూడండి, ఎదురుగా తెల్లటి గోడ. దీపావళి రోజుల్లో పచ్చపురుగులు అద్దానికి అంటుకుని పేస్టులా అయిపోతాయి. ఆ రోజుల్లో సీటు కింద తడిగుడ్డ ఒకటి పెట్టుకుంటాను.

వేగం తగ్గించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి బల్బు అమ్మేవాడికి గిరాకీ.

ఇంకొకటి చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉంది. రిలేలు, డూములు, గురి అన్నీ అయ్యాక కూడా ఎదుటి దీపాల చుట్టూ నాకు వలయాలు కనిపిస్తూనే ఉన్నాయి. కంటి డాక్టరు చూసి, కుడి కంట్లో శుక్లం మొదలైందన్నారు. నాకు యాభై ఏడు. జీపుకి వెలుగు చాలడం లేదని మూడేళ్లుగా తిట్టుకున్నదాంట్లో ఎంత భాగం జీపుదో, ఎంత భాగం నాదో ఇప్పుడు చెప్పలేను. నా వయసు వాళ్లెవరైనా హెడ్‌లైట్ల కోసం షాపుకి వెళ్లేముందు ఒకసారి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి వస్తే, షాపు పని తప్పిపోవచ్చు.

బోదెలో పడ్డాయన్ని ఆ తర్వాత చాలాసార్లు టీకొట్టు దగ్గర చూశాను. క్యారేజీకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మిల్లులో గురి సరిచేసుకున్న రెండో రోజు అడిగాను, ఒక్కసారి మోపెడ్ మీద నా జీపుకి ఎదురు రాగలరా అని. టీకొట్టులో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "మళ్లీనా అండీ?" అని, టీ గ్లాసు కింద పెట్టి బండి తీశాడు.

అదే గట్టు మీద, అదే చోట నేను నిలబెట్టి డిమ్ వేశాను. ఆయన దూరం నుంచి నెమ్మదిగా వచ్చాడు. రెండు బండ్ల దూరంలో ఆగి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నా వైపు చూశాడు.

"ఇప్పుడు ఫుల్ కొట్టండి." కొట్టాను. మొహం తిప్పుకున్నాడు. "డిమ్ కొట్టండి." కొట్టాను.

"ఇప్పుడు తెలుస్తోందండీ. మీ నంబరు ప్లేటు కూడా కనిపిస్తోంది." మోపెడ్ మీద కాస్త వంగి, మళ్లీ లేచి చూసి, "కుడి లైటు మాత్రం ఇంకొంచెం ఎడమకి తిప్పించండి మాస్టారూ, ఈ మలుపులో పొడుస్తోంది" అన్నాడు.

సీటు కింద స్క్రూడ్రైవరు ఉంది. ఆయన సెల్లు లైటు పట్టుకున్నాడు, నేను స్క్రూ అరచుట్టు తిప్పాను.